కేసు షీటు ఎవరి సొత్తు?

మన పల్లెల్లో ఏ ఇంటికి పోయినా దూలానికో మేకుకో ఒక ప్లాస్టిక్ సంచి వేలాడుతూ ఉంటుంది. అందులో రేషన్ కార్డుంటుంది, కులం సర్టిఫికెట్టుంటుంది, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఉంటే ఇంటి పట్టా ఉంటాయి. వానొచ్చి ఇల్లు కారితే ముందు ఆ సంచినే పక్కకి తీస్తాం. కాయితం లేకపోతే సర్కారు లెక్కలో మనిషే లేడని మన పెద్దలు ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి నేర్చుకున్నారు.

ఆ సంచిని ఇవాళ ఒకసారి దించి చూడండి. బిడ్డకి ఏ టీకా ఎప్పుడేశారో చెప్పే కార్డు ఉందా? తల్లికి కడుపు కోసి ఏం తీశారో చెప్పే కాయితం ఉందా? చాలా ఇళ్లల్లో లేదు. ఈ పక్షం మేం రాస్తున్నది ఆ లేని కాయితం గురించే.

మా సంఘం పనిచేసే ఒక పల్లెలో కూలికి పోయే అక్క ఒకామె ఉంది. ముప్పై రెండేళ్లు. ఏడాదిన్నర కిందట తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పని ఊరి ఆరెంపీకి చెప్పుకుంది. ఆయన టౌన్లో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకుపోయాడు. స్కానింగ్ తీసి, గర్భసంచి పాడైపోయింది, ఉంచితే క్యాన్సరొస్తదని భయపెట్టారు. మిర్చి కోతల డబ్బూ, తాకట్టు పెట్టిన కమ్మల డబ్బూ కట్టింది. ఐదో రోజు ఇంటికి పంపారు. చేతికిచ్చింది ఒక్క మందుల చీటీ. అది కూడా మందుల షాపులోనే ఉండిపోయింది.

ఈ మధ్య ఒళ్లంతా ఆవిర్లు, ఎముకల్లో నొప్పులు. జిల్లా ఆస్పత్రికి పోతే అక్కడి డాక్టరమ్మ ఓపిగ్గానే అడిగింది: గర్భసంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడా తీశారా? తీసినదాన్ని ముక్క పరీక్షకి పంపారా? ఏమొచ్చింది? అక్క ఏం చెబుతది? చీర పక్కకి జరిపి కుట్ల మచ్చ చూపించింది. ఆమె దగ్గరున్నది అదే.

ఆమెను తీసుకుని మేం ఆ ప్రైవేటు ఆస్పత్రికి పోయాం. మొదటిసారి పెద్ద డాక్టరు లేరన్నారు. రెండోసారి ఫైలు ఆస్పత్రి సొత్తు, ఇవ్వమన్నారు. మూడోసారి కౌంటర్లో కుర్రాడు 'ఇస్తే మాత్రం మీరు చదవగలరా?' అన్నాడు. నాలుగోసారి నోటితో అడగలేదు. అర్జీ రాసి ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకున్నాం. మూడో రోజుకి నకలు చేతికొచ్చింది.

అందులో ఆమె వయసు 45 అని రాసి ఉంది. రెండు అండాశయాలూ తీసేసినట్టు రాసి ఉంది. ముక్క పరీక్ష రిపోర్టు లేనే లేదు. ఆపరేషన్‌కి ఒప్పుకున్నట్టు కింద వేలిముద్ర ఉంది. పొదుపు సంఘం పుస్తకంలో నెలనెలా సంతకం పెట్టే మనిషి ఆమె!

ఆ ఒక్క కాయితంతో ఇప్పుడు సర్కారు డాక్టరు వైద్యం మొదలుపెట్టింది. అదే కాయితంతో అక్క న్యాయం అడగడానికి సిద్ధపడుతోంది. కాయితం రాకముందు ఆమెది 'నా ఖర్మ' అన్న మాట. వచ్చాక 'ఎవరడిగి తీశారు?' అన్న మాట.

ఇది ఒక్క అక్క గోడు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయి. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు అరికట్టాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అవసరమో కాదో తేల్చేది కేసు షీటే. అది మన చేతిలో లేకపోతే ఆ తీర్పు మన గడప దాకా రాదు.

చట్టం ఏం చెబుతోందో అందరూ తెలుసుకోండి. 2002లో వచ్చిన భారత వైద్య మండలి ప్రవర్తనా నియమాల ప్రకారం, ఆస్పత్రిలో చేరిన రోగి రికార్డులను వైద్యం మొదలైన రోజు నుంచి మూడేళ్లు డాక్టరు భద్రపరచాలి. రోగిగానీ, రోగి తరఫున అధికారం ఉన్నవాళ్లుగానీ అడిగితే, అడిగినట్టు రసీదిచ్చి 72 గంటల్లోగా కాయితాలివ్వాలి. డాక్టరు సర్కారువాడైనా ప్రైవేటువాడైనా ఇదే నియమం. ఇవ్వమంటే అది తప్పుడు ప్రవర్తన. దాని మీద రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయొచ్చు. మూడేళ్లన్న మాట మర్చిపోవద్దు. ఆ తర్వాత ఫైలు లేదంటే చేసేది తక్కువ.

సర్కారు ఆస్పత్రి అయితే ఇంకో దారి కూడా ఉంది. 2005 సమాచార హక్కు చట్టం కింద మన కేసు షీటు నకలు మనమే అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రాణం మీదికొచ్చిన సంగతైతే 48 గంటల్లో ఇవ్వాలి. దారిద్ర్యరేఖకి దిగువనున్నవాళ్లు ఫీజు కట్టక్కర్లేదు, కార్డు నకలు జతచేస్తే చాలు. ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలుంది.

డబ్బు కట్టి చేయించుకున్న వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

అర్జీ రాయడానికి వకీలు అక్కర్లేదు. తెల్ల కాయితం మీద పేరు, ఊరు, ఏ తారీఖున చేరింది, ఏ తారీఖున ఇంటికొచ్చింది రాయండి. 'నా కేసు షీటు, ఆపరేషన్ నోట్సు, ఒప్పుకోలు పత్రం, స్కానింగ్, రక్త పరీక్ష, ముక్క పరీక్ష రిపోర్టులు, డిశ్చార్జి కాయితం, బిల్లులు అన్నిటి నకళ్లు 72 గంటల్లో ఇప్పించండి' అని రాయండి. రెండు కాపీలు తీయండి. ఒకటిచ్చి, రెండోదాని మీద తారీఖు, ముద్ర వేయించుకోండి. ముద్ర వేయమంటే స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచండి. నోటితో అడిగినదానికి సాక్ష్యం ఉండదు.

ఇక పిల్లల టీకాల సంగతి. పుట్టిన వెంటనే బీసీజీ, పోలియో చుక్కలు, కామెర్ల టీకా. తర్వాత 6, 10, 14 వారాలకి, 9 నెలలకి, ఏడాదిన్నర ప్రాంతంలో, 5-6 ఏళ్లకి, ఆపైన 10, 16 ఏళ్లకి. ఇవన్నీ తల్లీబిడ్డల కార్డులో తారీఖులతో రాసివ్వాలి. మిరప కోతలకో ఇటుక బట్టీలకో వలసపోయే ఇంట్లో కార్డు ఊళ్లోనే ఉండిపోతుంది, బిడ్డ ఇంకో జిల్లాలో ఉంటుంది. అక్కడి ఏఎన్‌ఎం 'ఇంతకుముందు ఏమేశారు?' అంటే తల్లి వేళ్లు లెక్కపెడుతుంది. ఒక డోసు తప్పుతుంది, ఇంకోటి తప్పుతుంది. బడిలో పిల్లల్ని అడిగితే కార్డు సంగతే తెలియనివాళ్లు ఎంతోమంది మాకు కనిపిస్తున్నారు.

కార్డు పోతే బెంగపడొద్దు. సబ్‌సెంటర్లో ఏఎన్‌ఎం దగ్గర రిజిస్టరుంటుంది. దాన్ని చూసి కొత్త కార్డు రాసివ్వమని అడగండి. ఇప్పుడు యూ-విన్ అనే ఆన్‌లైన్ లెక్కలో కూడా ఎక్కిస్తున్నారు. అందులో ఎక్కితే మీరిచ్చిన ఫోన్ నెంబరుతో సర్టిఫికెట్ దించుకోవచ్చు. కాబట్టి ఆశా వర్కర్ ఫోనో ఇంకొకరి ఫోనో కాకుండా మీ నెంబరే రాయించండి.

ఏఎన్‌ఎం ఊరి మధ్యనే కూర్చుని పల్లెలోకి రాకపోతే అది కూడా రాసిపెట్టండి. 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి చేసిన సర్వే ఒకటి 2006లో పుస్తకంగా వచ్చింది. మూడింట ఒక వంతు ఊళ్లలో ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లకి రావడం లేదని ఆ పుస్తకం చెప్పింది. గడప తొక్కని చేయి కార్డు మీద తారీఖు ఎట్లా రాస్తుంది? ఆస్పత్రిలోకి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి దళితుల్ని రానివ్వకపోవడం 2016 జనవరి నుంచి అట్రాసిటీ చట్టం కింద నేరమని కూడా గుర్తుంచుకోండి.

డాక్టర్లందరూ మనకి శత్రువులని మేమనడం లేదు. ఆ జిల్లా ఆస్పత్రి డాక్టరమ్మ అడగబట్టే ఇదంతా బయటికొచ్చింది. మన తప్పు కూడా ఉంది. పట్టా కోసం, పింఛను కోసం వంద అర్జీలు రాసిన మన కార్యకర్తలం కేసు షీటు కోసం ఒక్కటీ రాయలేదు. ఒంటి సంగతి ఉద్యమం సంగతి కాదనుకున్నాం. ఇంకో మాట. ఆ కాయితం రోగి చేతికే ఇవ్వాలి. నాయకుడి జేబులో పెట్టుకోవడానికీ, రచ్చబండ మీద చదవడానికీ కాదు. ఆడవాళ్ల ఒంటి సంగతి, క్షయ, ఎయిడ్స్ సంగతి బయటపెడితే మనమే ఇంకో అంటరానితనం పుట్టించినవాళ్లమవుతాం.

1929లో కాఠియావాడ్‌లో అంటరాని కులానికి చెందిన ఒక బడిపంతులు ఉండేవాడు. పురిటి భార్యకి జబ్బు చేస్తే డాక్టరు వాళ్ల వాడకి రానన్నాడు. చివరికి రెండు రూపాయల ఫీజుకి ఊరి పెద్ద పూచీ పడితే వచ్చాడు, అదీ వాడ బయటే చూస్తానని షరతు పెట్టి. బాలింతనీ పసిబిడ్డనీ బయటికి మోసుకొచ్చారు. డాక్టరు థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చాడు, ఆయన భర్తకిచ్చాడు, భర్త భార్యకి పెట్టాడు. నాడి పట్టకుండానే న్యుమోనియా అని చెప్పి పోయాడు. ఆమె చనిపోయింది. ఆ పంతులు జరిగినదంతా ఉత్తరంగా రాశాడు. అది 'యంగ్ ఇండియా'లో అచ్చయింది. బాబాసాహెబ్ తన స్వీయ అనుభవాల పుస్తకంలో దాన్ని పొందుపరిచారు. ఆ డాక్టరు ఆమె కోసం ఏ కేసు షీటు రాశాడో ఎవరికీ తెలియదు. భర్త రాసిన ఉత్తరమే ఆమె కేసు షీటయింది. అది ఉండబట్టే ఇన్నేళ్లకి కూడా ఆ డాక్టర్ని మనం నిలదీయగలుగుతున్నాం.

ఈ పక్షం ప్రతి సంఘమూ ఈ మూడు పనులు చేయాలి. పల్లెలో ఐదేళ్ల లోపు పిల్లల కార్డులన్నీ చూసి, లేనివాళ్ల జాబితా ఏఎన్‌ఎంకి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఈ మూడేళ్లలో ఆపరేషన్ అయినవాళ్ల చేత కేసు షీటుకి అర్జీ పెట్టించాలి. ఎవరు ఆస్పత్రికి పోయినా వెంట చదువొచ్చిన పిల్లనో పిల్లాడినో పంపి, కాయితాలు తీసుకున్నాకే ఇంటికి తీసుకురావాలి.

ఒళ్లు మనది. దాని మీద కత్తి పెట్టినవాళ్లు ఏం చేశారో రాసిన కాయితం కూడా మనదే. అడిగి తెచ్చుకుందాం. ఆ ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుందాం.

జై భీమ్!