నామినీ అంటే నాకు తెల్వదా అమ్మా?

మా ఇంట్లో పనిచేసే ఆమె భర్త తాపీమేస్త్రీ. రెండేళ్ల క్రితం పోయాడు. అతని పేర బ్యాంకులో వేసుకున్న డబ్బు ఈవిడ చేతికి రావడానికి పదకొండు నెలలు పట్టింది. ఏ బ్యాంకో చెప్పను, ఏదైతేనేం. కారణం మాత్రం చెప్పి తీరాలి. డబ్బు వేసిన రోజు నింపిన తెలుగు ఫారంలో ఆ మనిషి ఒక గడి ఖాళీగా వదిలేశాడు. ఆ గడి పైన 'నామనిర్దేశితుని వివరములు' అని అచ్చువేసి ఉంది.

"నామినీ అని రాస్తే నాకు తెల్వదా అమ్మా? మా ఆయనకు తెల్వదా? ఎల్లైసీ కాయితం మీద నా పేరే రాయించిండు గద!" అంది ఆమె, మా హబ్సిగూడ ఇంటి గుమ్మంలో కూచుని.

ఆమె ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. తెలుగు మీద ప్రేమతో, తెలుగువాళ్ల కోసం, తెలుగులో వేసిన ఫారం అది! తెలుగు మనిషికే అర్థం కాలేదు. వారసురాలివేనని రుజువు చేసుకో అంటూ ఆ పిచ్చితల్లిని ఆఫీసుల చుట్టూ తిప్పింది.

ఈ సంగతి మా వీధి చివరి మాస్టారికి చెప్పాను. రోజూ పొద్దున్నే యూనివర్సిటీ చెట్లకింద నడిచి వచ్చే రిటైర్డు లెక్చరరు ఆయన. తెలుగంటే ప్రాణం. "అలవాటు లేక అలా అనిపిస్తుందమ్మా. పదాలు పుట్టించకపోతే భాష చస్తుంది. ఫ్రెంచివాళ్లను చూడు, కంప్యూటర్‌ని కూడా తమ మాటలోనే పిలుస్తారు" అన్నారు.

చూశానండీ. తార్నాకలో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది కదా, అక్కడ ఫ్రెంచి చదివిన మా స్నేహితురాలి కూతురు నాకు ఈ కథంతా విప్పి చెప్పింది. 1955లో ఐ.బి.ఎం. కంపెనీవాళ్లు ఫ్రాన్సులో తమ యంత్రానికి ఏం పేరు పెట్టాలో తోచక, జాక్ పెరే అనే లాటిన్ ప్రొఫెసర్ని అడిగారు. ఆయన 'ఓర్దినాతర్' అన్నాడు. అన్నింటినీ ఒక క్రమంలో పెట్టేది అని అర్థం. అమ్మేవాడే కోరి తెచ్చుకున్న పేరు కనక సరుకుతోపాటే జనంలోకి వెళ్లింది. అదే ఫ్రాన్సులో 'వీకెండ్'నూ 'పార్కింగ్'నూ ఎవరూ కదపలేకపోయారు. రోడ్డు మీద ఆగమని చెప్పే బోర్డు మీద అక్కడ 'స్టాప్' అనే ఉంటుందట! కెనడాలోని క్విబెక్‌లో మాత్రం అదే బోర్డు మీద ఫ్రెంచి మాట 'ఆరే' కనిపిస్తుందట. అక్కడివాళ్ల చుట్టూ ఇంగ్లీషు సముద్రం, వాళ్ల భయం వాళ్లది. ఏమైనా ఆ 'ఆరే' చూసి బండి తోలేవాడు బ్రేకు వేస్తాడు. మన 'నామనిర్దేశితుడు' చూసి తాపీమేస్త్రీ కలం కింద పెట్టేశాడు. మాస్టారూ, అదీ తేడా.

అనువాదమే తప్పని నేననను. మాస్టారు నడిచే ఆ ఉస్మానియాలోనే 1917లో అనువాదాల శాఖ పెట్టి, ఇంగ్లీషు శాస్త్రాలను ఉర్దూలోకి దించడం మొదలుపెట్టారు. డాక్టరీ, ఇంజనీరింగూ, లా కూడా ఉర్దూలోనే చెప్పారు. అక్కడ చదివినవాళ్లు డాక్టర్లయ్యారు, ఇంజనీర్లయ్యారు. 1948 తర్వాత బోధనాభాష మారింది, ఆ మాటలెన్నో పాత పుస్తకాల్లోనే మిగిలిపోయాయి. తర్వాత 1968లో తెలుగు అకాడమీ వచ్చి తెలుగులో కాలేజీ పుస్తకాలు వేసింది. మన పాఠాల్లోని 'పత్రహరితం' ఎంత ముద్దైన మాట! ఆకులోని పచ్చదనం కళ్లకు కడుతుంది. ఆ పక్కనే 'బాష్పోత్సేకం' వస్తుంది. ఆకు నీటిని ఆవిరిగా వదలడానికి అంత గొంతు చించుకోవాలా? మా అబ్బాయి ఏడో క్లాసులో ఆ మాట పలకలేక ఏడ్చాడు. ఆ బాష్పాలు మాత్రం నిజమైనవి.

నా పోట్లాట కొత్త మాటతో కాదు, గదిలో కూచుని నిఘంటువు నుంచి నిఘంటువులోకి ఒంపే పద్ధతితో. భద్రిరాజు కృష్ణమూర్తిగారు అలా చేయలేదు. మన జిల్లాల్లో రైతులు నోటితో అనే మాటల్ని సేకరించి 1962లో వ్యవసాయ వృత్తిపదకోశం వెలువరించారు. 1971లో చేనేతవాళ్ల మాటలకు మరో సంపుటం వచ్చింది. ఆ మహానుభావుడు ఇదే ఉస్మానియాలో ఏళ్ల తరబడి భాషాశాస్త్రం చెప్పారు. మాటల కోసం ఆయన మనుషుల దగ్గరికి వెళితే, మన ఫారాలు రాసేవాళ్లు మెట్రో స్టేషన్ కింద బండి బాగుచేసే కుర్రాణ్ణి కూడా అడగరు. వాడు పానా అంటాడు, పంచరంటాడు, గాలి కొట్టడమంటాడు. ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో వాడికి అనవసరం. అన్నీ వాడి తెలుగే.

'డబ్బు తీయుట' అంటే పోయేదానికి 'ఉపసంహరణ' అంటారు. యుద్ధంలో సైన్యం వెనక్కి మళ్లుతోందేమోనని నాకు భయమేస్తుంది! ఇంత చెప్పినా మాస్టారు ఒప్పుకోలేదు. "నీ దారిన పోతే నామినీ, ఫారం, అకౌంటూ తప్ప తెలుగేం మిగులుతుందమ్మా?" అన్నారు. ఆయన బాధ నాకు తెలియదా? కాని ఆ బాధ ఖరీదు చదువురాని విధవరాలి దగ్గర వసూలు చేయడం నాకు సమ్మతం కాదు.

మొన్న ఆమె కూతురి పేర నామినేషన్ రాయాలంటే నేనే తోడు వెళ్లాను. మళ్లీ అదే ఫారం. ఉండబట్టలేక 'నామనిర్దేశితుని' అన్నది కలంతో కొట్టేసి, పైన 'నామినీ' అని రాసి ఇచ్చాను. కౌంటర్లోని అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వెనక్కి తోసింది.

"అచ్చు మీద కొట్టివేతలు ఉండకూడదు మేడమ్. కొత్త ఫారం తీసుకుని నింపండి. నామినీ పేరు నీట్‌గా రాయండి."