కాళంగి ఎక్కడికి పోతుందో పిల్లలకు చూపిద్దాం

పోయిన నవంబరులో నెల్లూరు వెళ్తున్నాం. సూళ్లూరుపేట దగ్గర వంతెన దాటుతుంటే, నాలుగో తరగతి చదివే మా అమ్మాయి "నాన్నా, ఇది ఏ నది?" అని అడిగింది. నైలు, అమెజాన్ గురించి గడగడా చెప్పే పిల్లకు మన పక్కనే పారే కాళంగి పేరు తెలియదు. తప్పు పిల్లది కాదు. శ్రీ సిటీకి వచ్చి ఆరేళ్లయినా నేనెప్పుడూ చెప్పలేదు.

మరుసటి ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. సూళ్లూరుపేటలో చెంగాళమ్మ గుడి దగ్గర నది చూసి, శ్రీహరికోట రోడ్డు పట్టాం. రెండు పక్కలా పులికాట్ సరస్సు. ఫ్లెమింగోలు తల వంచి, వంకర ముక్కుతో నీటిని వడగట్టుకుని తింటున్నాయి. ఆ గులాబీ రంగు తిండి నుంచే వస్తుందంటే మా అమ్మాయి నమ్మలేదు. "మరి కాళంగి ఏమైంది?" అంది. "ఈ సరస్సులోనే కలిసింది" అన్నాను.

మన దేశంలో చిలకా తర్వాత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. సముద్రపు నీటితో కాళంగి, ఆరణి తెచ్చే వాననీరు కలుస్తుంది కాబట్టే ఇక్కడ చేపలు, రొయ్యలు పెరుగుతాయి. జాలర్లకూ పక్షులకూ అవే ఆధారం. నేలపట్టు చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు కూడా మేతకు ఇక్కడికి వస్తాయి. అంటే నదిలో మనం పారేసిన ప్లాస్టిక్ కవరు చివరికి వాటి తిండిలోకే చేరుతుంది.

మనలో చాలామందిమి ఫ్లెమింగో ఫెస్టివల్‌కి వెళ్లి, నాలుగు సెల్ఫీలు దిగి వచ్చేస్తాం. పండుగ మంచిదే, కానీ అది చాలదు. పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు తీసుకెళ్లాలని నా అభిప్రాయం. వానలు పడ్డాక డిసెంబరులో ఒకసారి, నీరు తగ్గి పక్షులు పలచబడ్డాక ఏప్రిల్‌లో ఇంకోసారి. నదికీ పక్షికీ ఉన్న సంబంధం ఆ తేడాలో కనిపిస్తుంది. ఏ వర్క్‌షీటూ దాన్ని అంత బాగా చెప్పలేదు. షిఫ్టు డ్యూటీల కష్టం నాకూ తెలుసు, పరీక్షల హడావిడీ తెలుసు. ఒక్క పొద్దుటిపూట కేటాయిస్తే చాలు.

వెళ్లినప్పుడు పిల్లల్ని నీటిలోకి దిగనివ్వకండి. పక్షుల దగ్గర హారన్ కొట్టకండి, రాళ్లు వేయనివ్వకండి. తీసుకెళ్లిన ప్లాస్టిక్ అంతా తిరిగి ఇంటికి తెచ్చేయండి.

ఇప్పుడు ఆ వంతెన వస్తే మా అమ్మాయి ఫోన్ పక్కన పెడుతుంది. నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూసి నాకు చెబుతుంది.