ఎద్దు మూపురం, కారు తోక

విశాఖపట్నం నుంచి కిరండూల్ పోయే పాసింజరు బండి అనంతగిరి కొండలెక్కి, సొరంగం వెంట సొరంగం దూరి, అరకు లోయ దాటి, ఒడిశా గడ్డ మీదుగా బస్తరు అడవులలో ప్రవేశిస్తుంది. కొత్తవలస దగ్గర చీలిన ఆ మార్గం పొడవు సుమారు 445 కిలోమీటర్లు. దారి పొడుగునా ఎదురువచ్చే గూడ్సు బండ్లలో చాలావాటి సరుకు ఒక్కటే, ఎర్రని ఇనుపరాయి. పట్టాల చివర కిరండూల్ ఊరు. ఊరి నెత్తిన బైలాడిలా కొండలు. బైలాడిలా అంటే ఎద్దు మూపురం. దూరాన నిలబడి ఆ శిఖరాల వరుసను ఒక్కసారి చూసినవారికి ఆ పేరు ఎందుకు వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

ఆ కొండరాయిలో నూటికి సుమారు 65 పాళ్ళు ఇనుమే. కాని రాయికి రూపమంటూ లేదు. అది కరగాలి, ఉక్కు కావాలి, రేకుగా సాగాలి, ఆ రేకు ఎక్కడో వంగి కారు తలుపో బానెట్టో కావాలి. రేకు ఎక్కడ వంగాలి, ఎంత వంగాలి అన్నది నిర్ణయించేవాడు ఎవరు? రోడ్డు మీద పోయే కారును చూసి ఈ ప్రశ్న వేసుకునేవారు అరుదు. అమెరికాలో మాత్రం దీనికి సమాధానంగా ఒక పెద్ద వృత్తే పుట్టింది. అది పుట్టింది ఇనుములో కాదు, బంకమట్టిలో.

హార్లీ ఎర్ల్ అనే యువకుడు లాస్ ఏంజెలిస్‌లో తన తండ్రి నడిపే బండ్ల షెడ్డులో పనిచేసేవాడు. హాలీవుడ్ తారలు కోరిన వింత కార్లకు అక్కడ బాడీలు కట్టేవారు. తాను ఊహించిన ఆకారాన్ని ఎర్ల్ ముందుగా మట్టితో చేసి చూసుకునేవాడు. కాడిలాక్ శాఖాధిపతి లారెన్స్ ఫిషర్ కంటపడినది ఈ పద్ధతే. అంతవరకు కారు రూపమంటే ఇంజనీరు వేసిన బొమ్మ, కంసాలి సుత్తి దెబ్బ, వడ్రంగి చట్రం; ఎవరి ముక్క వారిది. బానెట్టు ఒక పెట్టె, గది మరొక పెట్టె, దీపాలు తగిలించినవి, మడ్‌గార్డులు అతికించినవి. మట్టి చేతికి వచ్చిన తరువాత ఈ ముక్కలన్నీ ఒకదానిలోకి ఒకటి జారిపోవడం మొదలుపెట్టాయి. ఎర్ల్ రూపుదిద్దిన లసాల్ కారు 1927లో బజారుకు వచ్చింది. అదే సంవత్సరం జనరల్ మోటార్స్ సంస్థ అతని చేతిలో ఒక ప్రత్యేక శాఖనే పెట్టింది. ఆకారానికి, రంగుకు వేరే శాఖ! పక్కన ఫోర్డు సంస్థ 1908 నుంచి ఒకే మాడల్-టి కారును కోటీ యాభై లక్షలదాకా తయారుచేసి, అందులో పదేళ్ళకు పైగా నలుపు తప్ప మరొక రంగు ఎరగనిచ్చిన కాలమది.

రంగు సంగతి కూడా చిన్నదేమీ కాదు. పాత వార్నిషులు ఆరడానికి వారాలు పట్టేవి. 1920ల నడుమ డ్యూపాంట్ కంపెనీ డూకో అనే కొత్త పూతను తెచ్చింది; అది గంటలలో ఆరేది, ఏ రంగులోనైనా దొరికేది. ఆ కంపెనీ పేరు ఎరగని మన ఊళ్ళ రంగుల పనివారు కూడా నున్నగా మెరిసే పూతను నేటికీ డూకో అనే పిలుస్తున్నారు. అమెరికా మోటారు చరిత్ర మన బీరువా తలుపుమీదికి ఎక్కిన దారి ఇది.

ఎర్ల్ మట్టి చేలో మట్టి కాదు. మైనం, నూనె, గంధకం కలిపి చేసినది. వెచ్చజేస్తే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది, ఎన్నాళ్ళున్నా ఎండి బీటలు వారదు. కొయ్య చట్రం మీద దానిని మెత్తి, గీరుతూ, మళ్ళీ మెత్తుతూ పోతారు. మొదట చిన్న కొలతలో, అది నచ్చితే నిలువెత్తున. చివర దానిమీద రంగు పొర కప్పి వెలుతురులో నిలబెడతారు. నిపుణుని కన్ను వెదికేది రేకును కాదు, ఆ రేకుమీద జారే వెలుగుచారను. దీపం వరుస ప్రతిబింబం తలుపు మీద ఒక్కచోట వణికినా, ఆ వంపు తప్పిందన్నమాట.

బస్తరు వాసికి ఇందులో పెద్ద వింత కనిపించదు. కొండగావ్ ప్రాంతపు ఘడ్వా పనివారు తరతరాలుగా ఇటువంటిదే చేస్తున్నారు. మట్టితో లోపలి గుండె చేసి, దానిమీద తేనెమైనపు తీగలు చుట్టి ఏనుగునో దేవతనో మలుస్తారు. పైన మరల మట్టి కప్పి కాలుస్తారు. మైనం కరిగి పోయిన ఖాళీలోకి లోహం ప్రవేశిస్తుంది. మెత్తని పదార్థంలో తప్పు దిద్దుకొని, గట్టి పదార్థంలో దానిని శాశ్వతం చేయడం రెండుచోట్లా ఉన్న కిటుకు. ఒక తేడా మాత్రం ఉన్నది. ఘడ్వా అచ్చు ఒక్క బొమ్మతో పగిలిపోతుంది. డెట్రాయిట్ అచ్చు లక్షల తలుపులు గుద్దుతుంది, మరుసటి ఏటికి అక్కరలేకుండా పోతుంది.

ఆ మరుసటి ఏడే అమెరికా కార్ల కథకు కీలకం. నిరుటి కారు ఇంకా చక్కగా నడుస్తూ ఉండగానే యజమానికి దానిమీద మొహం మొత్తాలి. జనరల్ మోటార్స్ అధిపతి ఆల్ఫ్రెడ్ స్లోన్ వ్యాపార రహస్యం ఇది. యంత్రం ఏటేటా మారదు గనుక రూపం మారింది. ఎర్ల్ కార్లను ఏటికేడు పొడుగు చేశాడు, పొట్టి చేశాడు. యుద్ధకాలంలో పి-38 అనే జంటతోకల యుద్ధవిమానాన్ని తన శిష్యులకు దూరం నుంచి చూపించాడు. ఆ తోకల జాడ 1948 కాడిలాక్ వెనుక మడ్‌గార్డులమీద చిన్న బుడిపెలుగా తేలింది. తోకరెక్కల యుగం అక్కడ ఆరంభమయింది.

1956 వేసవిలో జరిగిన ఒక సంఘటనను అమెరికా కార్ల చరిత్రకారులు నేటికీ చెప్పుకుంటారు. చక్ జోర్డన్ అనే యువ రూపశిల్పి మధ్యాహ్నం భోజనవేళ కారెక్కి, పోటీ సంస్థ క్రైస్లర్ స్థలం పక్కగా పోయాడు. కంచె వెనుక మరుసటి ఏటి ప్లిమత్ కార్లు బారులు తీరి ఉన్నాయి. సన్నని పైకప్పు, పలుచని నడుము, వెనుక బాకుల్లా లేచిన రెక్కలు. క్రైస్లర్ రూపశిల్పి వర్జిల్ ఎక్స్‌నర్ పని అది. జోర్డన్ పరుగున వచ్చి చెప్పగా, సహోద్యోగులు ఒకరి తరువాత ఒకరు వెళ్ళి కంచెలోనుంచి తొంగిచూశారు. తమ బల్లలమీద సిద్ధంగా ఉన్న బరువైన నమూనాలు అప్పటికప్పుడు ముసలివైపోయాయి. ఎర్ల్ అప్పుడు ఐరోపా పర్యటనలో ఉన్నాడు. ఆయన తిరిగి వచ్చేలోపల శిష్యులు గురువు పనిని పక్కకు తోసి కొత్తది మొదలుపెట్టేశారు. ఎర్ల్ కోపగించుకోలేదు, వారిని సాగనిచ్చాడు. 1959 కాడిలాక్‌కు ఆకాశాన్నంటే రెక్కలు, వాటి నడుమ తూటాల వంటి జంట ఎర్రదీపాలు వచ్చినది ఆ గాలివాటులోనే. ఎర్ల్ అంతకు ముందే, 1958లో పదవీవిరమణ చేశాడు.

ఈ జోర్డన్ ఎక్కడ తేలాడన్నది మరీ ఆసక్తికరం. జనరల్ మోటార్స్‌కు బాడీలు కట్టే ఫిషర్ సంస్థ 1930 నుంచి 1968 వరకు కుర్రవాళ్ళకు ఒక పోటీ నడిపింది. తొలి రోజులలో నెపోలియన్ కాలపు గుర్రబ్బండిని బొమ్మగా చెక్కాలి. అదే ఆ సంస్థ ముద్ర. 1937 నుంచి, తాము కలగన్న కారును పన్నెండో వంతు కొలతలో చేయవచ్చునన్నారు. బహుమతి కళాశాల చదువుకు విద్యార్థివేతనం. వంటింటి బల్లలమీద, నేలమాళిగలలో కుర్రవాళ్ళు నెలల తరబడి కొయ్య చెక్కారు, ప్లాస్టరు పోశారు, రంగుమీద రంగు పూసి రుద్దారు. 1947లో గెలిచినవారిలో జోర్డన్ ఒకడు. అతడే తరువాత జనరల్ మోటార్స్ రూపకల్పన శాఖకు అధిపతి అయ్యాడు. పెద్ద కంపెనీకి శిల్పులను వెదికిపెట్టే ఇంత చవకైన ఉపాయం మరొకటి ఉండదు. ఆడపిల్లలకు మాత్రం ఆ పోటీలో చోటు లేకపోయింది. కారు కొనేటప్పుడు ఇంటి ఇల్లాలి మాటకు విలువ ఎంతో లెక్కలు కట్టిన సంస్థ ఆ ఇంటి కూతురి చేతికి ఉలి ఇవ్వలేదు.

పోటీకి పోనివారికి మరొక దారి దొరికింది. 1948లో వెలసిన ఏఎంటీ కంపెనీ అసలు కార్లను ఇరవై అయిదో వంతుకు కుదించి, అమ్మకందారుల దుకాణాలకు బొమ్మలు సరఫరా చేసేది. కొత్త రంగులు ఇవిగో అని చూపడానికి అవి పనికివచ్చేవి. తండ్రితో వచ్చిన పిల్లవాడి చేతిలో పెట్టడానికి మరింత పనికివచ్చేవి. తొలి బొమ్మల ప్లాస్టిక్ ఏళ్ళు గడిచేకొద్దీ వంకర తిరిగేది. ఆ వంకర కార్లనే నేటి సేకర్తలు వేలకు వేలు పోసి కొంటున్నారు. 1958 నుంచి ముక్కలు విడివిడిగా పెట్టెలలో వచ్చాయి. ఒకే పెట్టెతో కొట్టులో ఉన్నట్టు చేయవచ్చు, సొంత రుచికి మార్చవచ్చు, పందెపు కారుగా దిద్దవచ్చు.

ఈ పని చూడడానికి ఆట, చేసేవాడికి తపస్సు. 1959 కాడిలాక్ పొడవు 5.7 మీటర్లు, బొమ్మలో సుమారు 23 సెంటీమీటర్లు. కొలతలన్నీ ఇలా కుదించవచ్చు గాని రంగు మందాన్ని కుదించడం సాధ్యం కాదు. అసలు కారుమీద పూసినంత మందంగా బొమ్మమీద పూస్తే తలుపు సందులు పూడిపోతాయి, అక్షరాలు మునిగిపోతాయి. కనుక పొగమంచులా పలుచగా చల్లాలి, ఆరనివ్వాలి, తడి ఉప్పుకాగితంతో రుద్దాలి, మళ్ళీ చల్లాలి. క్రోమియం అంచులు మరొక పరీక్ష. వెంట్రుకవాసి గట్టుమీద పలుచని లోహపు రేకు అతికించి, కత్తి మొనతో రెండు వైపులా కోసి తీయాలి. చేయి వణికితే పక్కనున్న రంగు గీసుకుపోతుంది. ఇంత శ్రమపడినవాడికి ఒక ఫలితం దక్కుతుంది: ఏ ఏటి కారులో ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో అతని వేలికి తెలుస్తుంది. 1957 గీత ఎందుకు పరుగెత్తిందో, 1961 నాటికి రెక్క ఎందుకు కుంచించుకుపోయిందో పుస్తకం చూడకుండా చెప్పగలడు.

రెక్కలు కుంచించుకుపోవడానికి మొహం మొత్తడం ఒక కారణం. కారు రూపం మీద అసలైన విచారణ 1965లో వచ్చింది. రాల్ఫ్ నాడర్ రాసిన పుస్తకం వాహన భద్రతను దేశవ్యాప్త చర్చ చేసి, అందం పేరిట పెట్టిన పదునులు మనుషుల ప్రాణాలకు ఏం చేస్తున్నాయో అడిగింది. మరుసటి ఏడే అమెరికా భద్రతా చట్టం చేసింది. 1973 నుంచి తాకిడిని ఓర్చుకునే బంపర్లు తప్పనిసరి అయ్యాయి. సొగసైన మూతులకు గూడ్సు బండి బఫర్ల వంటి దూలాలు మొలిచాయి. ఆ ఏడాది అక్టోబరులోనే అరబ్బు దేశాలు నూనె ఆపాయి. బంకుల ముందు క్యూలలో నిలబడిన అమెరికన్‌కు తన కారు పొడుగు తొలిసారి బరువనిపించింది.

కిరండూల్ ఈ కథలోకి వచ్చేది సరిగా ఇక్కడే. జపాను ఉక్కు మిల్లులతో భారతదేశానికి ఇనుపరాయి ఒప్పందం 1960లో కుదిరింది. ఆ రాయిని సముద్రానికి చేర్చడానికే కొత్తవలస మార్గం వేశారు. బైలాడిలా 14వ నిక్షేపంలో 1968లో తవ్వకం ఆరంభమయింది. 1976లో విశాఖకు భారీ ఓడలు పట్టే బాహ్య నౌకాశ్రయం సమకూడింది. ఆ కాలంలోనే జపాను చిన్న కార్లు అమెరికా రోడ్లను ముంచెత్తాయి. 1975లో అక్కడి దిగుమతి కార్లలో టయోటా మొదటి స్థానం అందుకున్నది. మూపురం రాయిలో ఏ పాలు ఓడ దూలమయిందో, ఏ పాలు కారు తలుపయిందో కొలిమిలో కలిసిన తరువాత ఎవరూ విడదీయలేరు. కాడిలాక్ రెక్కలను కత్తిరించిన చేతులలో కిరండూల్ కూలివాడిది కూడా ఒక వేలుండవచ్చు.

మన దేశంలో రూపాల కథ వేరు. ఒకనాడు బొంబాయిలో ప్రీమియర్ సంస్థ క్రైస్లర్ వారి డాడ్జి, ప్లిమత్, డిసోటో కార్లను కూర్చేది. తరువాత దిగుమతులు బిగుసుకొని, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ పోలికతో వచ్చిన అంబాసిడర్ 1950ల చివరి నుంచి 2014 వరకు ఒకే బొద్దు శరీరంతో నడిచింది. ముందు జాలీ మారితే కొత్త మార్కు వచ్చిందనేవారు. బొమ్మలు కట్టేవాడికి ఇంత సుఖమైన కారు లేదు. ఒక్క అచ్చుతో అర్ధశతాబ్దం గడిచిపోతుంది. రూపం మీద మన వారికున్న మోజు మరొకచోట తేలింది. విజయవాడ ఆటోనగర్‌లో చట్రంగా వచ్చిన లారీకి బాడీ కట్టి, అంచులు దిద్ది, రంగులు వేసి పెండ్లికొడుకును చేసి పంపుతారు. హైదరాబాదులో సుధాకర్ వంకాయ, బూటు, క్రికెట్ బంతి ఆకారాలలో నిజంగా నడిచే కార్లను చేతితో చేసి, 2010లో జంతుప్రదర్శనశాల దగ్గర వాటికి ఒక మ్యూజియమే పెట్టారు. పాత ఇనుము ఆయన ముడిసరుకు.

బైలాడిలాలో మారినది కొండ రూపం. మూపురం మీద మెట్లు మెట్లుగా కోతలు పడ్డాయి. శంఖిని నది నీరు ఇనుపధూళితో ఎర్రబారింది. 13వ నిక్షేపం ఉన్న కొండ అక్కడి ఆదివాసులకు నందరాజు అనే దైవం. 2019 జూన్‌లో వేలమంది విల్లంబులతో, వంటపాత్రలతో నడిచివచ్చి, కిరండూల్‌లో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ కార్యాలయం ముందు రోజుల తరబడి కూర్చున్నారు. చెట్ల నరికివేతను ప్రభుత్వం ఆపించి, గ్రామసభ అనుమతి ఎలా వచ్చిందో విచారణకు ఆదేశించింది.

హైదరాబాదు కేంద్రంగా పనిచేసే అదే సంస్థ జగదల్‌పూర్ దగ్గర నాగర్‌నార్‌లో తలపెట్టిన ఉక్కు కర్మాగారం నుంచి 2023 ఆగస్టులో మొదటి రేకుచుట్ట వెలువడింది. ఏడాదికి 30 లక్షల టన్నుల సామర్థ్యం దానిది. బస్తరు రాయి బస్తరులోనే రేకు కావడం అక్కడిదాకా వచ్చింది. ఆ రేకు ఎక్కడ వంగాలో చెప్పే బంకమట్టిని మాత్రం ఇప్పటికీ పుణే వంటి దూరపు నగరాలలోని స్టూడియోలలో గీరుతున్నారు.