ముక్కలు చేస్తేనే.. పెళ్లి వీడియో పూర్తయ్యేది!

‘ఏరా, అక్క పెళ్లి వీడియో అయిందా?’ అని తాతయ్య అడిగినప్పుడల్లా ‘ఇంకో వారం తాతయ్యా’ అనేవాణ్ని. ఎనిమిది నెలలైనా ఆ వారం రాలేదు. వీడియో చూడకుండానే ఆయన వెళ్లిపోయారు. ఇంజినీరింగ్ చదివి, టెక్నాలజీ మీద బ్లాగు రాసే నేను ఇంట్లో వీడియో ఒక్కటి పూర్తి చేయలేకపోయాను. తప్పంతా నేను పని మొదలుపెట్టిన పద్ధతిలోనే ఉంది.

ఏం చేశానంటే.. మూడు రోజుల పెళ్లి ఫుటేజీ మొత్తాన్ని ఒకే టైమ్‌లైన్ మీద పోసేశాను. కెమెరామన్ ఇచ్చినవి, చుట్టాల ఫోన్లలోవి కలిపి తొమ్మిది గంటలు. 100 ఎంబీపీఎస్‌తో రికార్డయిన 4కె వీడియో గంటకు దాదాపు 45 జీబీ ఉంటుంది. నాదేమో 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్. ఒక్క కట్ కొడితే టీ తాగొచ్చేంతసేపు ఆలోచించేది. తలంబ్రాల దగ్గర ఒక షాట్ తీసేస్తే, అప్పగింతల దగ్గర పాట పక్కకు జరిగిపోయేది. విసుగొచ్చి వదిలేశాను.

అందుకే నా మాట సూటిగా చెబుతాను. ఇంటి వీడియో అరగంట దాటుతుందనిపిస్తే దాన్ని ఒకే ప్రాజెక్టుగా మొదలుపెట్టొద్దు. పెళ్లికూతుర్ని చేయడం ఒకటి, జీలకర్ర బెల్లం ఒకటి, తలంబ్రాలు ఒకటి, అప్పగింతలు ఒకటి.. ఇలా అయిదు, పది నిమిషాల చిన్న ప్రాజెక్టులు చేసుకుని, చివర్లో కలపండి.

ఇదేం కొత్త సంగతి కాదు. మన పెద్దవాళ్లు సినిమా నిడివిని రీళ్లలోనే చెప్పేవారు కదా! 1000 అడుగుల 35 ఎంఎం రీలు దాదాపు 11 నిమిషాలు నడుస్తుంది. రెండున్నర గంటల సినిమానైనా ఎడిటర్లు రీలు రీలుగానే కత్తిరించి, అతికించేవారు.

‘విడివిడిగా చేస్తే అతుకులబొంతలా ఉండదా?’ అని అడగొచ్చు. ముందుగా కొన్ని నియమాలు పెట్టుకోకపోతే అలాగే ఉంటుంది. కెమెరా సెకనుకు 25 ఫ్రేములు తీస్తే, ఫోన్ 30 తీయొచ్చు. అదీ చాలా ఫోన్లలో నిలకడగా ఉండదు. అందుకే మాటకూ పెదాలకూ పొంతన తప్పుతుంది. ఫోన్ క్లిప్పులను ముందే స్థిరమైన ఫ్రేమ్‌రేట్‌కు మార్చుకోండి. ఫ్రేమ్‌రేట్, సైజు, టైటిల్ ఫాంట్ ఖరారు చేసి ఒక ఖాళీ ప్రాజెక్టు తయారుచేసుకుని, ప్రతి ముక్కకూ దాని కాపీనే వాడండి. ముక్క నుంచి ముక్కకు సాగే సంగీతాన్ని, సౌండ్ హెచ్చుతగ్గులను కలిపేటప్పుడు చూసుకోవాలి.

కలపడానికి రెండు దారులున్నాయి. ఉచితంగా దొరికే డావిన్చి రిజాల్వ్‌లో ఒక టైమ్‌లైన్‌ను మరో టైమ్‌లైన్‌లో క్లిప్‌లా వేసుకోవచ్చు. కేడెన్‌లైవ్‌లోనైతే ప్రాజెక్టు ఫైలునే క్లిప్‌గా తెచ్చుకోవచ్చు. తర్వాత చిన్న ముక్కలో చేసిన మార్పు పెద్ద వీడియోలోనూ కనిపిస్తుంది. కాకపోతే సిస్టమ్ మీద బరువు ఎక్కువ. రెండోది, ఒక్కో ముక్కను ఎక్స్‌పోర్ట్ చేసి ఆ ఫైళ్లను వరసగా పేర్చడం. పాత ల్యాప్‌టాప్‌కు ఇదే మేలు. అయితే హెచ్.264లో రెండుసార్లు కుదిస్తే నాణ్యత తగ్గుతుంది. మధ్యలో తీసే ఫైళ్లకు డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ లేదా ప్రోరెస్ ఎంచుకోండి. అవి హార్డ్‌డిస్కులో ఎక్కువ చోటు తింటాయి కానీ, పనయ్యాక తీసేయొచ్చు. ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. ఒరిజినల్ క్లిప్పుల ఫోల్డర్లను మధ్యలో జరపకండి, పేర్లు మార్చకండి. ప్రాజెక్టు వాటిని వెతుక్కోలేక చేతులెత్తేస్తుంది.

చదువుకుంటూనో, ఉద్యోగం వెతుక్కుంటూనో ఈవెంట్ ఎడిటింగ్ చేసే కుర్రాళ్లకు ఈ అలవాటు ఇంకా అవసరం. పెళ్లివారు ‘మా మేనమామ ఎక్కడా కనబడలేదు’ అంటే, సరిచేయాల్సింది ఒక్క ముక్కనే. అయిన ముక్కను అప్పుడే చూపిస్తే, చివర్లో గొడవలూ తగ్గుతాయి. పెద్ద పనిని విడగొట్టి, ఒక్కోదాన్నీ పూర్తి చేసి, కలపడం ఏ ఉద్యోగంలోనైనా పనికొస్తుంది.

తాతయ్య పోయాక నేను మళ్లీ మొదలుపెట్టాను, ముక్కలుగా. మొదట పూర్తయింది ఆయన అక్షింతలు వేసిన నాలుగు నిమిషాలు. అమ్మమ్మకు ఫోన్లో చూపిస్తే, చివరిదాకా చూసి ‘మళ్లీ పెట్టరా’ అంది. ఆ నాలుగు నిమిషాలు నాకు ఒక్క ఆదివారం పని. ఎనిమిది నెలల్లో అలాంటి ఆదివారాలు ముప్ఫైకి పైనే ఉన్నాయి.

మీ హార్డ్‌డిస్కులోనూ ఇలాంటి వీడియో ఒకటి పడి ఉండొచ్చు. మొత్తం సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఈ ఆదివారం ఒక్క ముక్క పూర్తిచేసి, ఎదురుచూస్తున్న వాళ్లకు చూపించండి.