స్క్రీన్‌టైమ్ ఎవరి ఖాతాలో?

'మావాడు రోజుకి గంటకి మించి ఫోన్ ముట్టడండీ' అనని పేరెంట్‌ని నేనింకా చూడలేదు. అబద్ధమని కాదు. ఆ గంట ఎలా లెక్కేశారన్నదే నా డౌటు.

2020లో అమెరికాలో పిల్లల డాక్టర్ జెన్నీ రాడెస్కీ, ఆమె టీమ్ ఇదే పట్టుకున్నారు. 3 నుంచి 5 ఏళ్ల పిల్లల తల్లిదండ్రుల్ని ముందు అడిగారు. తర్వాత నేరుగా ఫోన్‌నే అడిగారు. ఆండ్రాయిడ్ అయితే వెనకాల నడిచే ఓ యాప్, ఐఫోన్ అయితే బ్యాటరీ పేజీ స్క్రీన్‌షాట్లు. సుమారు మూడో వంతు మంది ఉన్నదానికన్నా తక్కువ చెప్పారు. ఇంకో మూడో వంతు ఎక్కువ చెప్పారు! సొంత ఫోనో ట్యాబో ఉన్న పిల్లల వాడకం సగటున రోజుకి 115 నిమిషాలు తేలింది.

సరే, మనమూ ఫోన్‌నే అడుగుదాం అంటారా? కోడ్ రాసేవాడిగా చెప్తున్నా, ఫోన్‌కి తెలిసింది చాలా తక్కువ. ఏ యాప్ తెర మీదుంది, ఎంతసేపుంది. అంతే. చూసే కళ్లు ఎవరివో దానికి పట్టదు. మన ఇళ్లలో చిన్నపిల్లలకి సొంత ఫోన్ ఎక్కడిది? అమ్మదే లాక్కుంటారు. లెక్కంతా అమ్మ ఖాతాలో పడుతుంది.

మా అక్క కొడుక్కి రెండున్నరేళ్లు. మాటలు ఇంకా సరిగ్గా రాలేదు. స్క్రీన్ ఎంతసేపు చూస్తాడని డాక్టర్ అడిగారట. బావ ఇంటికొచ్చి అక్క ఫోన్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిస్తే యూట్యూబ్ 3 గంటలుంది. 'చూశావా, అంతా నీ ఫోన్ వల్లే' అన్నాడు. అందులో అక్క చూసిన వంట వీడియోలెన్ని, వాడి రైమ్స్ ఎన్ని? ఎవరికీ తెలీదు. ఏడ్చింది మాత్రం అక్క.

అందుకే వాళ్ల ఫ్రిజ్ మీద వారంపాటు ఓ కాగితం అంటించాను. ఎప్పుడు, ఏ స్క్రీన్, ఏం చూశాడు, పక్కన ఎవరున్నారు. నాలుగే గళ్లు. ఇంట్లో అందరూ రాయాలి, బావతో సహా. (రాయించేసరికి నా ప్రాణం తోకకొచ్చింది.) అక్క ఫోన్‌లో వాడి వాటా రోజుకి 40 నిమిషాలు, అదీ అన్నం తినేటప్పుడు. మిగతాదంతా తాతయ్య ఫోన్‌లో షార్ట్స్, బావ ఒళ్లో కూర్చుని క్రికెట్, మధ్యాహ్నం హాల్లో మోగే సీరియళ్లు. టీవీ కూడా స్క్రీనే కదా, దాన్ని ఏ ఫోన్ లెక్కేసింది? మా అమ్మతో వీడియో కాల్ కూడా రాశారు కానీ, దాన్ని రైమ్స్‌తో కలిపేస్తే నేనొప్పుకోను. అక్కడ వాడు 'ఊ' అన్నా అవతల్నుంచి జవాబొస్తుంది.

2 నుంచి 4 ఏళ్ల వాళ్లకి రోజుకి గంట మించొద్దు, తగ్గితే ఇంకా మంచిదని డబ్ల్యూహెచ్ఓ 2019లో చెప్పింది. కాగితం మీద లెక్క దానికి రెట్టింపు దాటింది. మాటలు ఆలస్యమవడానికి ఇదే కారణమని నేననను, అది డాక్టర్ తేల్చాలి. ముందు వినికిడి టెస్టు రాశారు. వెళ్లేటప్పుడు ఆ కాగితం కూడా తీసుకెళ్లమన్నాను అక్కని. ఈసారి బావ కూడా వెళ్తున్నాడు.