కుంచె కరుణ ఎవరి సొత్తు?



ఆయిల్ పోర్ట్రెయిట్ల మీద చర్చ వస్తే చాలు, "కుంచెకు కులం లేదు, ఉన్నదల్లా అనుభూతే" అని కొందరు తేల్చేస్తారు. సరే, ఒక్క బొమ్మ తీసుకుని తేల్చుకుందాం.

1650లో స్పెయిన్ ఆస్థాన చిత్రకారుడు వెలాస్కెజ్ రోమ్‌లో హువాన్ దె పరేహా బొమ్మ వేశాడు. పరేహా ఆఫ్రికా మూలాలున్నవాడు. వెలాస్కెజ్‌కి బానిస. దగ్గరికెళ్లి చూస్తే మెడ చుట్టూ ఉన్న ఆ లేసు కాలరు కాస్తా తెల్లరంగు విదిలింపులే. నాలుగడుగులు వెనక్కి జరిగితే అవే లేసు. ఆ చూపు మాత్రం ఎక్కడ నిలబడినా సూటిగా తగులుతుంది. మార్చిలో పాంథియన్‌లో ప్రదర్శిస్తే, ఇది బొమ్మ కాదు, సత్యమేనని జనం అన్నారట.

మరి ఆ సత్యం మనిషికెందుకు వర్తించలేదు? జనం మెచ్చుకున్న ఆ రోజున కూడా పరేహా యజమాని ఆస్తే. విముక్తి పత్రం నవంబర్‌లో రాశారు. అదీ ఇంకో నాలుగేళ్లు చాకిరీ చేయాలన్న షరతు మీద! కుంచె క్షణంలో గుర్తించిన మనిషిని కలం నాలుగేళ్లు వాయిదా వేసింది.

అయినా విమర్శకులు "వెలాస్కెజ్ ఒక బానిసకు గౌరవం ఇచ్చాడు" అంటారు. ఇక్కడే నాకు పేచీ. తలెత్తి చూసింది పరేహా. కుంచె దాన్ని పట్టుకుంది. పట్టుకోవడం గొప్ప విద్యే, కాదనను. కానీ పట్టుకున్నవాణ్ణి దాతను చేసి, తలెత్తినవాణ్ణి యాచకుణ్ణి చేస్తారా? తెలుగు సాహిత్యంలో మాకిది కొత్త కాదు. మా బతుకును అగ్రవర్ణ రచయిత రాస్తే కరుణరసం. మేమే రాస్తే నినాదం.

పరేహా తర్వాత తానే చిత్రకారుడయ్యాడు. 1661లో "సెయింట్ మాథ్యూకు పిలుపు" వేసి, అందులో ఎడమ చివర తన్ను తానే నిలబెట్టుకున్నాడు. చేతిలో కాగితం, దాని మీద తన సంతకం. 1920లలో ఆ బొమ్మను వెతుక్కుంటూ స్పెయిన్ దాకా వెళ్లినవాడు ఆర్టూరో షోంబర్గ్ అనే నల్లజాతి పుస్తక సేకర్త. వెలాస్కెజ్ వేసిన పరేహా 1970లో లండన్ వేలంలో ఇరవై లక్షల పౌండ్లు దాటి పలికాడు. పరేహాను చిత్రకారుడిగా చూపిస్తూ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన పెట్టింది 2023లో! తెచ్చిన ధర ముందు, చేసిన పని తర్వాత.

కాబట్టి ఈసారి ఏ పోర్ట్రెయిట్ ముందైనా నిలబడితే కుంచె ఎంత కరిగిందో కొలిచి ఊరుకోకండి. అందులోని మనిషికి కుంచె ఎప్పుడు దొరికిందో అడగండి.

జై భీమ్.