పరదేశంలో దుకాణం: పైకం మనది, పేరు మరొకరిది!

జుమా నమాజు ముగిసిన తరువాత భూమిపై విస్తరించి అల్లాహ్ అనుగ్రహాన్ని అన్వేషించవలసిందిగా దివ్య ఖుర్ఆన్ విశ్వాసులను ఆదేశించింది (అల్ జుముఅ: 10). ఉపాధిని వెతుక్కుంటూ దేశాలు తిరిగేవారి కష్టాన్ని గుర్తించి, రాత్రి నమాజు పారాయణంలో వారికి సౌలభ్యం కల్పించింది (అల్ ముజ్జమ్మిల్: 20). అంటే హలాల్ సంపాదన కోసం ఊరు దాటడం, సముద్రం దాటడం ఇస్లాంలో ఆక్షేపణీయం కాదు సరికదా, నిజాయితీతో చేస్తే అదీ ఒక ఆరాధనే.

మన తెలుగు ముస్లిం కుటుంబాలకు గల్ఫ్ కొత్తది కాదు. కడప, రాయచోటి, నిజామాబాద్, కరీంనగర్, హైదరాబాద్ పాతబస్తీ - ఎక్కడ చూసినా గల్ఫ్ సంపాదనతో లేచిన ఇళ్లు, పెళ్లయిన ఆడపిల్లలు, చదువుకున్న పిల్లలు కనిపిస్తారు. డ్రైవరుగానో, దర్జీగానో, సేల్స్‌మన్‌గానో వెళ్లినవాడికి కొన్నేళ్లు గడిచాక ఒక కోరిక పుడుతుంది. 'ఎంతకాలమీ నౌకరీ? నాకంటూ ఒక చిన్న బకాలా పెట్టుకుంటే?' అని. కోరిక మంచిదే. అయితే ఆ దుకాణాన్ని మనవాళ్లు పెట్టుకునే తీరు గురించే నాలుగు మాటలు చెప్పవలసి ఉంది.

నేనెరిగిన ఒక కుటుంబం ఉంది. ఇంటి యజమాని సౌదీలోని ఒక చిన్న పట్టణంలో పదకొండేళ్లు కిరాణా దుకాణంలో పనిచేశాడు. కఫీల్ ఒకరోజు పిలిచి, 'నెలనెలా నాకింత ఇవ్వు, దుకాణం నువ్వే నడుపుకో' అన్నాడు. భార్య నగలు, బావమరిది పదవీ విరమణ సొమ్ము, మరో ఇద్దరు బంధువుల దగ్గర తీసుకున్న పైకం - అన్నీ సరుకుగా మారి ఆ దుకాణం అరల్లోకి చేరాయి. ఏడేళ్లు బాగానే నడిచింది. ఒక ఉదయం షట్టరు ఎత్తుతూ ఆయన కుప్పకూలిపోయాడు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

తరువాత తేలిందేమిటి? లైసెన్సు కఫీల్ పేర, అద్దె కాగితం కఫీల్ పేర, బ్యాంకు ఖాతా కఫీల్ పేర. అకామాలో మాత్రం మనవాడు 'పనివాడు'. చట్టప్రకారం ఆ కుటుంబానికి రావలసింది ఒక పనివాడికి రావలసిన బకాయి జీతం, సర్వీసు సొమ్ము మాత్రమే. ఇక్కడొక సంగతి గమనించాలి. ఆ కఫీల్ దుర్మార్గుడు కాదు. నోటిమాట ఆయనకు గుర్తుంది. కాని సరుకెంత, చిల్లర బాకీలెంత, అందులో ఎవరి పైకమెంత అన్నది ఆయనకూ తెలియదు. పైగా 'ఈ దుకాణం నా పనివాడిది' అని బయటికి చెబితే ఆయనే నేరస్థుడవుతాడు. ఇటు మన ఊళ్లో ఆ ఇల్లాలికి ఇద్దత్ గడువు ముగియకముందే అప్పులవాళ్లు గుమ్మంలోకి వచ్చారు. ఆమె దగ్గర చూపించడానికి ఒక్క కాగితం లేదు.

చట్టం ఏమంటోంది?

ఒకరి పేరుతో మరొకరు వ్యాపారం చేయడాన్ని అరబ్బు దేశాల్లో 'తసత్తుర్' అంటారు. మన భాషలో చెప్పాలంటే బేనామీ. సౌదీ అరేబియాలో దీన్ని నిషేధించే చట్టం ఏనాటినుంచో ఉంది. 2020లో దాని స్థానంలో మరింత కఠినమైన చట్టాన్ని తెచ్చారు. దాని ప్రకారం 5 ఏళ్ల వరకు జైలు, 50 లక్షల రియాళ్ల వరకు జరిమానా. విదేశీయుడైతే శిక్ష తరువాత దేశబహిష్కారం. అక్రమంగా ఆర్జించినట్టు తేలిన సొమ్ము జప్తు. వ్యాపారాన్ని సరిదిద్దుకోవడానికి ఇచ్చిన గడువు 2022 ఫిబ్రవరితోనే ముగిసిపోయింది. 2020లోనే చిల్లర దుకాణాలన్నిటిలో ఎలక్ట్రానిక్ చెల్లింపు సదుపాయాన్ని తప్పనిసరి చేశారు. 2021 డిసెంబరు నుంచి ఎలక్ట్రానిక్ బిల్లుల విధానం వచ్చింది. గల్లాపెట్టెలో నగదు లెక్క చూసుకుని గుట్టుగా నడిపే రోజులు పోయాయి. ఇప్పుడు ప్రతి అమ్మకం ఏదో ఒక ఖాతాలో కనబడుతుంది. ఆ ఖాతా ఎవరిది అన్నదే ప్రశ్న.

యు.ఎ.ఇ.లో పరిస్థితి కొంత మారింది. లోగడ ఫ్రీజోన్ల వెలుపల కంపెనీ పెట్టాలంటే 51 శాతం వాటా స్థానికుడి పేర ఉండవలసి వచ్చేది. 2021 జూన్ నుంచి చాలా రకాల వ్యాపారాలకు ఆ నిబంధన తొలగింది. విదేశీయుడు నూరు శాతం తన పేరునే పెట్టుకోవచ్చు. అయితే 2018 నుంచి 5 శాతం వ్యాట్ ఉంది. 2023 జూన్ నుంచి మొదలయ్యే ఆర్థిక సంవత్సరాలకు, 3,75,000 దిర్హాములకు మించిన లాభంపై 9 శాతం పన్ను విధించారు. కనుక లెక్కల పుస్తకం లేకుండా దుకాణం నడిపే వీలు అక్కడా లేదు. ఖతర్ 2019లో, ఒమన్ 2020 నుంచి తమ పెట్టుబడి చట్టాలను సడలించాయి. ఒమన్‌లో మాత్రం చిన్న వ్యాపారాలు కొన్నిటిని స్థానికులకే ప్రత్యేకించారు. కాబట్టి 'ఫలానావాడు అక్కడ పెట్టాడట, మనమూ పెడదాం' అనుకోవడం పొరపాటు. దేశానికో చట్టం, వ్యాపారానికో నిబంధన ఉన్నాయి.

చట్టమే అన్యాయమైతే?

కొందరు సోదరులు ఇలా వాదిస్తారు: 'ఇరవై ఏళ్లు ఆ ఎండల్లో చెమటోడ్చినా మా పేర ఒక చిన్న కొట్టు పెట్టుకోనివ్వలేదు. పెద్ద పెట్టుబడిదారులకు తివాచీ పరుస్తారు. ఇది అన్యాయం కాదా? అలాంటి చట్టాన్ని దాటితే తప్పేమిటి?'

ఈ వాదంలో బాధ ఉంది, కొంత నిజమూ ఉంది. లక్షల రియాళ్లు పెట్టగలవాడికి దొరికే లైసెన్సు పేదవాడికి అందదు. 2019లో సౌదీ ప్రవేశపెట్టిన ప్రత్యేక నివాస అనుమతికి శాశ్వతంగానైతే 8 లక్షల రియాళ్లు, ఏడాదికైతే లక్ష రియాళ్లు కట్టాలన్నారు. బకాలా నడిపేవాడు ఎక్కడినుంచి తెస్తాడు? ఈ సంగతి మన ప్రభుత్వాలు ఆ ప్రభుత్వాలతో మాట్లాడవలసిన విషయమే.

కాని ఆలోచించండి. వీసా తీసుకున్ననాడు ఆ దేశపు షరతులకు మనం ఒప్పుకున్నాం. చేసుకున్న ఒప్పందాలను నెరవేర్చమన్నది విశ్వాసులకు ఖుర్ఆన్ ఇచ్చిన ఆదేశం (అల్ మాయిదా: 1). అది ముస్లిం దేశంతో చేసుకున్న ఒప్పందానికైనా, ముస్లిమేతర దేశంతో చేసుకున్న ఒప్పందానికైనా వర్తిస్తుంది. నెలనెలా లైసెన్సు కాగితం మీద ఒక అబద్ధాన్ని నిలబెట్టుకుంటూ, దాని కింద కూర్చుని హలాల్ సరుకు అమ్ముతున్నామని తృప్తిపడటం ఎంతవరకు సమంజసం? ఇక లోకరీతిలో చూసినా, దాపరికంవల్ల నష్టపోయేది బలహీనుడే. చట్టం అన్యాయమైనదైతే, దాన్ని దాటినవాడికి ఆ అన్యాయం రెట్టింపవుతుంది. ఎందుకంటే మోసం జరిగినప్పుడు న్యాయస్థానానికి వెళ్లాలంటే ముందుగా తన నేరాన్ని తానే ఒప్పుకోవలసి వస్తుంది.

మనవాడి దగ్గర కాగితమా?

అసలు జబ్బు అక్కడి చట్టంలో కన్నా ఇక్కడి మన ఇళ్లలోనే ఉందని నా అభిప్రాయం. దుబాయ్‌లో దుకాణం పెట్టబోయే తమ్ముడికి అన్న ఐదు లక్షలు ఇస్తాడు. అది అప్పా, వాటానా? ఇద్దరికీ తెలియదు. అడిగితే, 'భాయీ, మన మధ్య రాతకోతలేమిటి? నామీద నమ్మకం లేదా?' అంటాడు తమ్ముడు. అన్న సిగ్గుపడి ఊరుకుంటాడు. నాలుగేళ్ల తరువాత లాభమొస్తే అన్న దృష్టిలో అది వాటా, తమ్ముడి దృష్టిలో అప్పు. నష్టమొస్తే అన్న దృష్టిలో అది అప్పు, తమ్ముడి దృష్టిలో వాటా. ఈద్‌నాడు ఒకరినొకరు కౌగిలించుకోని అన్నదమ్ములు ఇలా ఎందరు తయారయ్యారో మీ బంధువర్గంలోనే లెక్కపెట్టి చూడండి.

ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ నమాజు గురించి కాదు, రోజా గురించి కాదు. అది అప్పు రాసుకోవడం గురించి (అల్ బఖరా: 282). గడువు పెట్టుకుని అప్పు ఇచ్చిపుచ్చుకున్నప్పుడు రాసుకోవాలనీ, రాసేవాడు న్యాయంగా రాయాలనీ, అప్పు తీసుకున్నవాడే చెప్పి రాయించాలనీ, సాక్షులను పెట్టుకోవాలనీ, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించకూడదనీ అందులో ఉంది. ఆ వెంటనే వచ్చే ఆయత్, ప్రయాణంలో ఉండి రాసేవాడు దొరకని పక్షంలో ఏంచేయాలో కూడా చెబుతుంది. ఈ ఆజ్ఞ మొదట ఎవరికి వచ్చింది? ఒకరికోసం ఒకరు ప్రాణమిచ్చిన సహాబాలకు (రజి). చదువు వచ్చినవారు కొద్దిమందే ఉన్న కాలంలో వచ్చింది. వారికి ఒకరిమీద ఒకరికి నమ్మకం లేకనా? కాగితం అడగడం అనుమానం కాదు, అది ఆజ్ఞాపాలన. అడిగినవాడు కాదు, అడిగితే కోపగించుకున్నవాడే సిగ్గుపడాలి.

అప్పు విషయంలో దైవప్రవక్త (స) ఎంత కఠినంగా ఉండేవారో హదీసుల్లో విదితమే. తీర్చే దారి లేకుండా అప్పుతో మరణించిన వ్యక్తి జనాజా తీసుకువస్తే ఆయన (స) తాను నమాజు చేయించక, మీరు చేసుకోండన్నారు. అబూ ఖతాదా (రజి) ముందుకొచ్చి ఆ అప్పు తన బాధ్యత అన్న తరువాతనే నమాజు చేయించారు. పరదేశంలో దుకాణం పెట్టి, ఎవరికెంత ఇవ్వాలో ఎక్కడా రాయకుండా కన్నుమూసేవాడు తన భార్యాబిడ్డల మీద ఎంతటి భారం వదిలిపోతున్నాడో ఆలోచించాలి.

'నెలకు పదివేల లాభం' లాభమేనా?

మరో మాట కూడా చెప్పకతప్పదు. 'ఐదు లక్షలు ఇవ్వండి, నెలకు పదివేలు లాభం పంపిస్తాను' అని కొందరంటారు. బ్యాంకు వడ్డీని ముట్టని దీనీ కుటుంబాలు కూడా దీన్ని హలాల్ లాభమని నమ్మి తీసుకుంటున్నాయి. కాని అసలుకు పూచీ ఇచ్చి, దుకాణానికి లాభం వచ్చినా రాకున్నా నెలకింత అని ముందే కట్టుబడితే అది లాభం కాదు, వడ్డీయే. ఒకరి పెట్టుబడితో మరొకరు కష్టపడి వ్యాపారం చేసే 'ముదారబా' పద్ధతిలో లాభాన్ని సగమనో, మూడోవంతనో నిష్పత్తిగా చెప్పుకోవాలి. నష్టమొస్తే పెట్టుబడిదారు తన పైకాన్ని కోల్పోతాడు, కష్టపడినవాడు తన శ్రమను కోల్పోతాడు. నిర్ణీత మొత్తాన్ని షరతుగా పెడితే ఆ ఒప్పందం చెల్లదని ఫుఖహాలు చెప్పారు. హజ్రత్ ఖదీజా (రజి) గారి సరుకు తీసుకుని దైవప్రవక్త (స) షామ్ దేశానికి వెళ్లినది కూడా పరదేశ వ్యాపారమే. ఆ లావాదేవీ మనకు ఆదర్శం కావాలి.

సొంత పేరుతో, చిన్నగా

మక్కానుంచి కట్టుబట్టలతో మదీనా చేరిన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) గారికి, అన్సారీ సోదరుడు సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దుఆ చేసి, సున్నితంగా తిరస్కరించి, 'ఇక్కడ బజారు ఎక్కడుంది?' అని మాత్రమే అడిగారు. ఖైనుఖా బజారులో నెయ్యి, ఎండు పెరుగు అమ్మడంతో మొదలుపెట్టారు. కొద్దికాలంలోనే సొంత సంపాదనతో మహర్ చెల్లించి వివాహం చేసుకున్నారు. కొత్త ఊరిలో వ్యాపారం మొదలుపెట్టేవాడికి ఇంతకన్నా మంచి పాఠం లేదు. తనది కాని సొమ్ముమీద ఆశపడలేదు. పదిమంది ఎదుట బజారులో తన పేరుతోనే కూర్చున్నారు. చిన్నగా మొదలుపెట్టారు.

కనుక గల్ఫ్‌లో దుకాణం పెట్టదలచిన సోదరుడు మొదట తన పేరుతో లైసెన్సు వస్తుందా రాదా అన్నది విచారించుకోవాలి. వస్తే, భాగస్వామితో ఒప్పందాన్ని అక్కడి న్యాయస్థానాల్లో నడిచే అరబ్బీ భాషలో రాయించి, నోటరీ చేయించుకోవాలి. అందులో ఏముందో తనకు తెలిసిన భాషలో చదివించుకున్న తరువాతనే సంతకం చేయాలి. బంధువుల పైకం అప్పో, వాటానో ఇక్కడే సాక్షుల ముందు రాసి ఇవ్వాలి. పైకాన్ని బ్యాంకు ద్వారానే పంపించాలి. హుండీ ద్వారా పోయిన సొమ్ముకు రుజువు ఉండదు, అది ఫెమా చట్టానికి విరుద్ధం కూడా. అన్ని కాగితాల ప్రతులు ఇంట్లో భార్య దగ్గర ఉండాలి. ఎవరికెంత ఇవ్వాలి, ఎవరినుంచి ఎంత రావాలి అన్నది ఆమెకు తెలియాలి. 'ఆడవాళ్లకెందుకీ లెక్కలు' అన్నవాడి ఇల్లాలే రేపు అప్పులవాళ్ల ముందు నిలబడవలసి వస్తుంది.

సొంత పేరుతో లైసెన్సు రాకపోతే? అప్పుడు ఆ దుకాణం మనకు రాసిపెట్టి లేదనుకోవాలి. జీతం మిగుల్చుకుని, అదే పైకంతో రాయచోటిలోనో, నిజామాబాద్‌లోనో తన పేరుతో బోర్డు పెట్టుకోవచ్చు. రియాళ్లలో వచ్చేంత రాకపోవచ్చు. కాని రాత్రి షట్టరు దించి ఇంటికి వెళ్లి బిడ్డల పక్కన నిద్రపోవచ్చు.

ఈ జుమానాడు మసీదునుంచి ఇంటికి వెళ్లాక ఒక పని చేయండి. పరదేశంలో ఉన్న మీ అన్నకో, తమ్ముడికో, కొడుకుకో ఫోన్ చేసి యోగక్షేమాలు అడిగిన తరువాత మరొక్క మాట అడగండి: 'దుకాణం ఎవరి పేర ఉంది?' ఆ ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే, వచ్చేదాకా అడగండి. అల్లాహ్ మనందరి సంపాదనలో హలాల్‌ను, బర్కత్‌ను ప్రసాదించుగాక! ఆమీన్.